లార్ప్ ఈవెంట్లో పోటీలకి పేరు ఎప్పుడివ్వాలి, వస్తువు ఎన్ని గంటలకి పెట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల పార్కుల్లో ఫోమ్ కత్తులతో ఆడుకునే ఆమ్ట్‌గార్డ్ అనే లార్ప్‌లోకి (లార్ప్ అంటే వేషం వేసుకుని, ఒక పాత్రలా మారి ఆడే ఆట) ఈమధ్య మనవాళ్ళు బాగానే వస్తున్నారు, పిల్లలు ముందు, వాళ్ళ వెనక కార్లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ అమ్మానాన్నలు, ఆర్నెల్లు తిరిగేసరికి నాన్న కూడా కత్తి పట్టుకుంటాడు. ఆట అర్థమవడానికి రెండు ఆదివారాలు చాలు. పోటీల టైమింగులు మాత్రం రెండేళ్ళైనా అర్థం కావు, ప్రతి ఈవెంట్ ముందు అవే ప్రశ్నలు నాకొస్తాయి, అందుకని ఒక్కచోట రాసి పెట్టేస్తున్నా.

అసలు ఆమ్ట్‌గార్డ్ అంటే ఏంటి, రెండు ముక్కల్లో?

1983లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో మొదలైన లార్ప్. అక్కడి గ్రూప్ పేరు బర్నింగ్ లాండ్స్, మన డాలస్ వైపు కింగ్‌డమ్ (చుట్టుపక్కల గ్రూపులన్నీ కలిసిన పెద్ద గ్రూప్) పేరు ఎమరాల్డ్ హిల్స్. మధ్యయుగం, ఫాంటసీ కలిపిన వేషం, దాన్ని గార్బ్ అంటారు. కాలుకో చేతికో దెబ్బ తగిలితే అది పోయినట్టు, రెండోది కూడా పోతే చచ్చినట్టు, మొండేనికి తగిలితే డైరెక్ట్‌గా చచ్చినట్టు, తలమీద కొట్టకూడదు. అంపైర్‌ని రీవ్ అంటారు. కత్తి పోటీలే కాదు, కుట్టినవి, చెక్కినవి, వండినవి, పాడినవి కూడా పోటీకి పెడతారు. కత్తులకి వెపన్‌మాస్టర్, కళలకి డ్రాగన్‌మాస్టర్ అని పెద్ద పోటీలు.

ఎంట్రీ డెడ్‌లైన్ అంటే ఒక్కటే కదా, ఫ్లయర్ మీద తేదీ ఉంది కదా?

ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఫ్లయర్ మీద ఉన్నది ప్రీ-రెజ్ తేదీ, అంటే ముందుగా డబ్బులు కడితే గేటు దగ్గర కట్టేదానికంటే తక్కువ పడుతుంది అని, అంతే. అది పోటీకి ఎంట్రీ కానే కాదు. నేను లెక్కేసుకునేది నాలుగు గడువులు. ఒకటి ఈ ప్రీ-రెజ్. రెండోది గేటు దగ్గర సైన్-ఇన్, వేవర్, అంటే దెబ్బ తగిలితే బాధ్యత నాదే అని ఒప్పుకునే కాగితం, దాని మీద సంతకం ఇక్కడే. మూడోది ఆ పోటీకి విడిగా పేరివ్వడం, లిస్ట్ మీద రాయడం కావచ్చు ఆన్‌లైన్ ఫారం కావచ్చు. నాలుగోది వస్తువుని టేబుల్ మీద పెట్టడమో, కత్తి పోటీ అయితే కత్తి చెక్ చేయించుకుని రింగ్ దగ్గర నిలబడటమో. ఈ నాలుగో దాంట్లోనే ఎక్కువమంది పోతారు, ఎందుకంటే మూడూ దాటేసరికి ఇంక అయిపోయింది అనుకుని క్యాంప్‌లో టెంట్ కట్టుకుంటూ కూర్చుంటారు.

షెడ్యూల్‌లో 10 అని ఉంటే 10కే మొదలవుతుందా?

మొదలవదు. 10:40కో 11కో మొదలవుతుంది. రీవ్ దొరకడు, తాడు దొరకదు, ఛాంపియన్, అంటే పోటీలు నడిపే మనిషి, ఇంకా బ్రేక్‌ఫాస్ట్ చేస్తుంటాడు. అలాగని మీరు 10:30కి వెళ్తే లిస్ట్ 10కే క్లోజ్ చేసేసి ఉంటారు! ఇది మనకి కొత్తేం కాదు కదా, పెళ్ళికి భోజనాలు లేటవుతాయి, బ్యాండు లేటవుతుంది, పెళ్ళికొడుకు కూడా లేటవుతాడు, ముహూర్తం మాత్రం ఎవరికోసం ఆగదు. ఈవెంట్ టైమ్‌ని భోజనాల టైమ్‌లాగా, ఎంట్రీ క్లోజింగ్‌ని జీలకర్ర బెల్లం టైమ్‌లాగా చూడండి, ఎప్పుడూ పొరపాటు పడరు.

కత్తి టోర్నమెంట్‌కి లిస్ట్ అంత ఖచ్చితంగా ఎందుకు మూసేస్తారు? ఒక్క పేరు చేర్చడానికి ఏం పోయింది?

నేనూ అలాగే గొడవ పడేవాణ్ణి, ఒకసారి క్లిప్‌బోర్డ్ నా చేతికిచ్చాక నోరు మూసుకున్నా. చూడండి, 16 మందితో నాకౌట్ వేస్తే నాలుగు రౌండ్లు, 15 ఫైట్లు, చక్కగా సరిపోతుంది. 17వ వాడు వచ్చాడంటే ఆ పట్టిక 32 గడులకి వెళ్ళిపోతుంది, 15 మందికి మొదటి రౌండ్లో ఎదురు మనిషే ఉండడు, ఒక్క రౌండ్ అదనం. రెండుసార్లు ఓడితేనే అవుట్ అనే పద్ధతి అయితే ఆ 16 మందికే 30 లేక 31 ఫైట్లు. ఇక అందరూ అందరితో ఆడాలి అంటే 20 మందికి 190 ఫైట్లు, 24 మందికి 276! నలుగురే కదా పెరిగింది అనుకుంటాం, 86 ఫైట్లు పెరిగాయి. ఫైట్‌కి నిమిషం వేసుకుని రెండు రింగులు నడిపినా 24 మందికి రెండు గంటలు దాటిపోతుంది, అది ఒక్క కేటగిరీకి. ఒంటి కత్తి, రెండు కత్తులు, కత్తీ డాలు, ఓపెన్ ఇలా నాలుగు కేటగిరీలు పెడితే సాయంత్రం కోర్ట్ (రిజల్ట్ చెప్పే సభ) టైమ్‌కి ఎవరూ మిగలరు. అందుకని క్లిప్‌బోర్డ్ పట్టుకున్నవాడు మొండిగా ఉంటేనే మిగతా ఈవెంట్ నడుస్తుంది, వాణ్ణి తిట్టుకోకండి.

నాలుగు కేటగిరీలూ ఆడాలా, ఒక్కదాంట్లో ఆడొచ్చా?

ఆడొచ్చు. కాకపోతే మొత్తం వెపన్‌మాస్టర్ టైటిల్ కావాలంటే అన్నింట్లో పాయింట్లు కూడాలి, ఒక్కదాంట్లో ఆడి టైటిల్ రావడం కష్టం. ఒక్క కేటగిరీకే వస్తున్నా సరే పేరు మాత్రం మొదటి లిస్ట్ క్లోజయ్యేలోపే ఇచ్చేయండి, చాలా చోట్ల అన్ని కేటగిరీలకీ కలిపి ఒకటే లిస్ట్.

కత్తి చెక్ ఎప్పుడు చేయించుకోవాలి?

ముందురోజు రాత్రి, లేదంటే పొద్దున్నే. రీవ్ మీ కత్తిని నొక్కి చూస్తాడు, మొన దగ్గర లోపలి రాడ్ చేతికి తగులుతోందా అని, తర్వాత ఒకసారి కొట్టి చూస్తాడు. ఫెయిలైతే టేపు, ఫోమ్ తెచ్చుకుని అక్కడే బాగుచేసుకోవాలి, జిగురు ఆరడానికి టైమ్ పడుతుంది, టెక్సాస్ ఎండలో అయినా సరే. లిస్ట్ క్లోజ్‌కి పది నిమిషాల ముందు లైన్లో నిలబడి ఫెయిలైనవాడి మొహం నేను చాలాసార్లు చూశా, పాపం అనిపిస్తుంది, ఏం చేస్తాం.

చేసిన వస్తువులు పెట్టే పోటీ, అదే డ్రాగన్‌మాస్టర్, అది ఎలా నడుస్తుంది?

ఒక షెడ్డులోనో పెద్ద టెంట్‌లోనో టేబుళ్ళు వేస్తారు. వస్తువు తెస్తారు, దాంతోపాటు ఎలా చేశారో రాసిన కాగితం, దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. చాలా చోట్ల పేరుండదు, నంబరే, ఎవరిదో జడ్జికి తెలియకూడదని (కలంకారీ తెలిసిన మనిషి మొత్తం కింగ్‌డమ్‌లో ఒక్కడే ఉన్నప్పుడు ఈ నంబర్ ఎంతవరకు దాస్తుందో మీరే ఆలోచించుకోండి). టేబుల్ క్లోజ్ అయ్యాక జడ్జిలు తప్ప లోపలికి ఎవర్నీ రానివ్వరు. జడ్జింగ్ అయ్యాక కాసేపు అందరికీ చూపిస్తారు, ఆ తర్వాత ఎవరి వస్తువు వాళ్ళు తీసుకెళ్ళాలి, దానికీ ఒక టైమ్ ఉంటుంది, అది మర్చిపోతే వస్తువు ఏ డబ్బాలోనో ఎవరో తెలియని వాళ్ళ ట్రంక్‌లో ఊరు దాటిపోతుంది.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

మీరు చేసే వస్తువుని అడగండి, క్యాలెండర్‌ని కాదు. నా సంగతే చెప్తా. శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ వేసిన అంగీ ఒకటి పెడదామనుకున్నా. గుడ్డని కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన దాంట్లో నానబెట్టి ఎండబెట్టాలి, పాలల్లో కొవ్వు ఉంటేనే రంగు పాకకుండా గీత గీతలా నిలబడుతుంది. ఇక్కడ గేదెపాలు ఎక్కడ దొరుకుతాయి, ఫుల్ క్రీమ్ పాలు పోశా, అపార్ట్‌మెంట్ మొత్తం రెండ్రోజులు పాల వాసన, కింద ఇంటావిడ తలుపు కొట్టింది కూడా. సరే. అసలు కథ నల్లరంగుది. తుప్పు పట్టిన ఇనుప మేకులు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో ఊరబెట్టాలి, దాదాపు మూడు వారాలు. ఆ నీళ్ళు చూడ్డానికి మామూలు గోధుమ రంగులో ఉంటాయి, కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీయగానే నల్లబడతాయి, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి వచ్చే నలుపు అది, ఆ క్షణం చూడటానికే ఈ పని చేయొచ్చు. నేనేం చేశానంటే ఈవెంట్‌కి పన్నెండు రోజులుందనగా ఊరబెట్టా, అది కూడా జనవరిలో, చల్లటి గరాజ్‌లో. చలికి అది పులవదు. గీస్తే బూడిద రంగు వచ్చింది, వెదురు కలానికి చుట్టిన గుడ్డని ఎంత నొక్కినా అదే బూడిద. అయినా పట్టుదలగా పూర్తి చేశా, పటిక పెట్టి ఎరుపు ఉడికించి, స్వర్ణముఖి బదులు బాత్‌టబ్‌లో ఉతికి, శుక్రవారం రాత్రి రెండింటికి ఇస్త్రీ. పొద్దున డాక్యుమెంటేషన్ ప్రింట్ తీయలేదని గుర్తొచ్చి దారిలో ఒక షాపులో ఆగా. టేబుల్ క్లోజింగ్ 10కి, నేను వెళ్ళింది 10:20కి. గుమ్మానికి అడ్డంగా పసుపు తాడు కట్టేసి ఉంది. అవతల నిలబడిన అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, చాలా మర్యాదగా సారీ అంది. తప్పు పూర్తిగా నాదే, ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పి అదే అంగీ వేసుకుని రోజంతా తిరిగా.

అప్పట్నుంచి నేను వెనక నుంచి లెక్కేస్తా. ఈవెంట్ శనివారం. శుక్రవారం పని ఏమీ పెట్టుకోను. గురువారానికి ప్రింట్ చేతిలో ఉండాలి. దానికి వారం ముందు వస్తువు పూర్తి. కుండ మాత్రం ఏడాది పొడవునా గరాజ్‌లో ఉంటుంది, పోటీ ఉన్నా లేకపోయినా, మా ఆవిడ దాన్ని పచ్చడి జాడీ అనుకుని ఒకసారి మూత తీసింది, ఆ కథ వద్దులెండి.

డాక్యుమెంటేషన్ ఎంత రాయాలి?

ఒకటి రెండు పేజీలు చాలు. ఏం చేశారు, పాతకాలంలో ఎలా చేసేవాళ్ళు, మీరెక్కడ మార్చారు, ఎందుకు మార్చారు. గేదెపాలు దొరక్క ఆవుపాలు వాడాను అని రాస్తే మార్కులు పోవు, రాయకపోతే పోతాయి. మనకి తెలిసిన పని కదా అని మరీ తక్కువ రాస్తాం, అవతల జడ్జికి కరక్కాయ అంటే ఏంటో కూడా తెలియదు, ఫొటో పెట్టండి.

తినే వస్తువు పెట్టొచ్చా? అది కూడా పొద్దునే పెట్టేయాలా?

పెట్టొచ్చు. ఏమేం వేశారో లిస్ట్ తప్పనిసరి, జీడిపప్పు పలుకు ఒక్కటి ఉన్నా రాయాలి, ఇక్కడ నట్ ఎలర్జీలు సరదా కాదు. టైమ్ విషయం ఆటోక్రాట్‌ని, అంటే ఈవెంట్ నడిపే మనిషిని, ముందే మెసేజ్ చేసి అడగండి. పాడయ్యే తిండిని బయట రెండు గంటలకి మించి ఉంచొద్దని, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటేనని ఇక్కడి వ్యవసాయశాఖ చెప్తుంది, జూన్‌లో టెక్సాస్ షెడ్డులో 90 అంటే చల్లగా ఉన్నట్టే. కాబట్టి చాలామంది పేరు, కాగితం పొద్దున టేబుల్ మీద పెట్టి, గిన్నె మాత్రం జడ్జింగ్ టైమ్‌కి కూలర్‌లోంచి తెస్తారు. దద్దోజనం లాంటివి పెట్టి రిస్క్ తీసుకోకండి. పూతరేకులు బాగుంటాయి అనుకుంటారు కానీ గాల్లో తేమ ఉన్నరోజు మెత్తబడిపోయి కాగితం నమిలినట్టుంటుంది, గట్టి డబ్బాలో ఉంచి చివరి నిమిషంలో తీయండి. అరిసెలైతే బెంగే లేదు.

పాట, పద్యం, కథ చెప్పడం లాంటివాటికి?

ఇవి ఎక్కువగా రాత్రి మంట చుట్టూనో స్టేజి మీదనో. పేరు మధ్యాహ్నమే ఇవ్వాలి, వరసలో నంబర్ వస్తుంది. ఎన్ని నిమిషాలో ముందే చెప్తారు, ఆ లోపల ముగించండి, రాగం తీస్తూ కూర్చుంటే ఆపేస్తారు. తెలుగులో పాడొచ్చు, అర్థం ఇంగ్లీషులో రాసి జడ్జిలకి ముందే ఇస్తే చాలు.

రెండు పోటీలు ఒకే టైమ్‌కి పడ్డాయి, ఏం చేయాలి?

వస్తువుల పోటీ, కత్తి పోటీ గుద్దుకోవడం మామూలే. వస్తువుకి మీరు అక్కడ ఉండక్కర్లేదు కాబట్టి పొద్దునే పెట్టేసి రింగ్‌కి వెళ్ళిపోండి. పాటా కత్తీ గుద్దుకుంటే వారం ముందే ఆటోక్రాట్‌కి రాయండి, ముందు చెప్తే వరస మారుస్తారు, అప్పటికప్పుడు చెప్తే మార్చరు.

ఈ పోటీలు ఏడాదికి ఎన్నిసార్లు వస్తాయి?

ఆటలో రాజు, రీజెంట్ లాంటి పదవులు ఉంటాయి, అవి ఆర్నెల్లకోసారి మారతాయి. కాబట్టి క్యాలెండర్ కూడా ఆర్నెల్ల చక్రమే, కొత్తవాళ్ళకి కిరీటం పెట్టే కొరొనేషన్, సగం పాలనలో వచ్చే మిడ్‌రెయిన్, పదవికి నిలబడేవాళ్ళ కోసం క్రౌన్ క్వాల్స్. ఏ పోటీ ఏ ఈవెంట్‌లో పెట్టాలన్నది ఒక్కో కింగ్‌డమ్ ఒక్కోలా రాసుకుంటుంది, ఆ రూల్స్ పుస్తకాన్ని కార్పొరా అంటారు. చదవడానికి బోరే కానీ క్వాలిఫై అవ్వాలంటే ఎన్ని ఎంట్రీలు కావాలి, ఎంత స్కోర్ రావాలి అన్నీ అందులోనే, పక్క కింగ్‌డమ్‌లో ఆడే ఫ్రెండ్ చెప్పింది నమ్మి రాకండి.

పదవికి నిలబడాలంటే వేరే గడువు ఉందా?

ఉంది. పోటీ చేస్తున్నానని ప్రైమ్ మినిస్టర్‌కి ముందుగా చెప్పాలి (ఢిల్లీలో ఆయన కాదు, మన హాజరు పట్టీ, చందాలు చూసే మనిషి). చందా బాకీ ఉంటే ఓటు కూడా ఉండదు. ఆన్‌లైన్ రికార్డ్ కీపర్ అని ఉంటుంది, అందరూ ఓర్క్ అంటారు, అందులో మీ హాజరు సరిగ్గా పడిందా లేదా అని నెల ముందే చూసుకోండి, ఎన్నికల రోజు చూసుకుంటే ప్రయోజనం లేదు.

నా గార్బ్ ఇండియాలో కుట్టిస్తున్నా, ఆన్‌లైన్ ఫారం మా తమ్ముడు హైదరాబాద్ నుంచి నింపుతాడు. టైమ్ ఎలా చూసుకోవాలి?

ఫారంలో శుక్రవారం రాత్రి 11:59 అంటే డాలస్ టైమ్. ఎండాకాలం టైములో మనకంటే ఇండియా పదిన్నర గంటలు ముందు, చలికాలంలో పదకొండున్నర. అంటే మీ తమ్ముడికి అది శనివారం పొద్దున 10:29 లేదా 11:29. గడియారాలు మారే మార్చి, నవంబర్ వారాల్లో మరీ జాగ్రత్త. ఇక టైలర్ సంగతి, ఆయన శుక్రవారం అంటే ఏ శుక్రవారమో అడగండి, పెళ్ళిళ్ళ సీజన్లో అసలు ఇవ్వకండి. ఇంకోటి, వేరేవాళ్ళు కుట్టింది మీ ఎంట్రీగా పెట్టడానికి లేదు, వేసుకోవచ్చు అంతే.

పిల్లలకి?

18 లోపు అయితే వేవర్ మీద అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. స్నేహితుడి కార్లో పంపించి సాయంత్రం వస్తాం అంటే గేటు దగ్గరే ఆగిపోతారు, మీ సంతకం లేకుండా ఎంట్రీయే లేదు. ఫైటింగ్‌కి వయసు నియమం వేరే ఉంది, మీ పార్క్‌లో రీవ్‌ని అడగండి. కళల పోటీకి మాత్రం పిల్లల్ని తోయండి, మావాడి మట్టి డ్రాగన్‌కి నాకంటే మంచి కామెంట్లు వచ్చాయి.

వాన పడితే?

ఉరుము వినిపిస్తే అందరూ లోపలికి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి, మధ్యలో మళ్ళీ ఉరిమితే అరగంట మళ్ళీ మొదటినుంచి. ఫైట్లు వెనక్కి జరుగుతాయి, అప్పటికే మూసిన లిస్ట్ మాత్రం మళ్ళీ తెరవరు. వానకి ఆలస్యమైంది కదా ఇప్పుడు పేరు రాయండి అని అడగొద్దు, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు.

ఎస్‌సీఏ వాళ్ళ ఈవెంట్లకీ ఇదే పద్ధతా?

ఎస్‌సీఏ అంటే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం, మధ్యయుగం వేషాలతో ఆడే ఇంకో సంస్థ, 1966లో బర్క్‌లీలో పుట్టింది, తమని లార్ప్ అంటే వాళ్ళలో కొందరికి కోపం. అక్కడ ఫోమ్ కాదు, రాటన్ బెత్తం కత్తులు, కవచం, కాబట్టి ముందుగా ఆథరైజేషన్ లేకుండా టోర్నమెంట్‌లోకి రానివ్వరు, అది ఆ రోజు పొద్దున తేలే పని కాదు. రాజుని ఎన్నుకునేది కత్తి పోటీతోనే, ఆ క్రౌన్ టోర్నమెంట్‌లో దిగాలంటే దిగుతున్నానని ముందే ఉత్తరం పంపాలి, దానికి కింగ్‌డమ్ పెట్టిన తేదీ ఉంటుంది. పెన్సిల్వేనియాలో జరిగే పెన్సిక్ 1972 నుంచి ఉంది, రెండు వారాల జాతర లాంటిది, దానికి వెళ్ళాలంటే ఆఫీసులో లీవు పెట్టడమే మీ మొదటి డెడ్‌లైన్.

రిజల్ట్ ఎప్పుడు చెప్తారు?

సాయంత్రం కోర్ట్‌లో, అందరూ కూర్చున్నాక. జడ్జిల షీట్లు అడిగి తీసుకోండి, అంకె కంటే కింద రాసిన రెండు లైన్లే ఉపయోగం. అవార్డ్ వస్తే ఓర్క్‌లో ఎక్కిందో లేదో రెండు వారాల తర్వాత ఒకసారి చూడండి.

ఐదు నిమిషాలే లేటు, బతిమాలితే తీసుకుంటారా?

బతిమాలకండి. జడ్జింగ్‌కి కాకుండా ఊరికే చూపించడానికి పెట్టొచ్చా అని అడగండి, దానికి చాలాసార్లు సరే అంటారు. నా బూడిదరంగు అంగీ చివరికి టేబుల్ ఎక్కింది అలాగే.